స్లీవ్ ఆపరేషన్ అయ్యాక నాలుగో ఏడు: తగ్గిన బరువు మళ్లీ పెరుగుతోంది, ఏం చూడాలి?

లంకగాలి (అమలాపురం)

మా వదినగారికి స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ (బరువు తగ్గడానికి కడుపుని కోసి చిన్నది చేసే ఆపరేషన్) అయి నాలుగేళ్లయింది. వయసు 43, ఎత్తు 158 సెం.మీ. ఆపరేషన్ నాటికి 112 కిలోలు. ఏడాదిన్నరకి 70కి దిగారు. అక్కణ్నుంచి మెల్లమెల్లగా పెరిగి ఇప్పుడు 78. షుగరు మందులు అప్పట్లోనే ఆగాయి, మళ్లీ అవసరం రాలేదు. థైరాయిడ్ మాత్ర 75 మైక్రోగ్రాములు రోజూ వేసుకుంటారు. మొదటి రెండేళ్లు చెకప్‌లకి వెళ్లారు, తరవాత మానేశారు. విటమిన్ మాత్రలు గుర్తొస్తే ఉన్నట్టు, లేకపోతే లేదు.

చేప ముక్కలు, చపాతీ ఇప్పటికీ కొంచెం తింటేనే నిండిపోతుందంటారు. అన్నం మాత్రం చారుతోనో మజ్జిగతోనో అయితే సాఫీగా దిగుతుందట. చుట్టాలందరిదీ ఒకటే మాట: "కడుపు సాగిపోయింది, మళ్లీ కోయించుకోవాల్సిందే." నిజంగా సాగిందో లేదో ఎలా తెలుస్తుంది? మన తిండిలో రోజుకి ఏది ఎంత తినాలి? తెలిసినవాళ్లు కొలతలతో చెప్పండి. "తక్కువ తినండి, నడవండి" అని ఇప్పటికే చాలామంది చెప్పారు.

కొలతగిన్నె (కాకినాడ, ఆహార సలహా పని)

సగం జవాబు మీరే రాశారండి. ముక్క కొంచెం తింటే నిండుతోంది, చారన్నం సాఫీగా దిగుతోంది. అంటే మిగిలిన కడుపు ఇంకా దాని పని చేస్తోంది. దానికి చిక్కకుండా జారిపోయే తిండి ఎక్కువైంది, అంతే.

స్లీవ్‌లో కడుపు ముప్పాతిక భాగం పైగా తీసేస్తారు. మిగిలింది అరటికాయంత సన్నటి గొట్టం. గట్టి తిండి అందులో కాసేపు నిలబడి గోడల్ని ఒత్తితేనే "ఇక చాలు" అనిపిస్తుంది. పల్చగా ఉన్నదీ, నోట్లో కరిగిపోయేదీ ఆగకుండా పేగులోకి వెళ్లిపోతుంది, చాలు అన్న కబురు రాదు. మన వైపు ఈ జాబితా పెద్దదే. చారన్నం, మజ్జిగన్నం, సాంబారులో నానిన ఇడ్లీ, టీలో ముంచిన బిస్కెట్టు, పాయసం, ఐస్‌క్రీం, రోజ్‌మిల్క్. కరకరలాడేవి కూడా ఇందులోకే వస్తాయి: జంతికలు, చేగోడీలు, మిక్చర్. నమిలితే పిండైపోతాయి, నూరు గ్రాములు 500 కేలరీల దాకా లాగేస్తాయి. ఇక ఆత్రేయపురం పూతరేకు సంగతి చెప్పక్కర్లేదు. బియ్యప్పొర, నెయ్యి, పంచదార. నాలుక దాటేసరికే ఏమీ ఉండదు, మరి కడుపుకి ఏం తెలుస్తుంది?

ఒక లెక్క చూడండి. ముప్పై నెలల్లో ఎనిమిది కిలోలు. కిలో కొవ్వుకి సుమారు 7,700 కేలరీలు అనుకుంటే రోజుకి 70 కేలరీల లోపు మిగులు. ఒళ్లు ఇంత సూటి లెక్కతో నడవదు, బరువు పెరిగేకొద్దీ ఖర్చూ పెరుగుతుంది. అయినా ఎంత చిన్న దారిలోంచి బరువు వచ్చిందో తెలుస్తుంది కదా. చెంచా నెయ్యి 45, రెండు కాఫీల్లో చెరో చెంచా పంచదార 40. ఆవిడ తిండిపోతయ్యారని ఎవరూ అనుకోనక్కర్లేదు.

భోజనం ఇలా వరస మార్చండి. ముందు ముక్క, గుడ్డు, ముద్దపప్పు లాంటి మాంసకృత్తులు. తరవాత కూర. చివర అన్నం, వండినది 50, 60 గ్రాములు, అంటే చిన్న గరిటెడు. మన ఇళ్లలో కంచం నిండా అన్నం పెట్టి, దానికి కూర ఆధరువు చేస్తాం. స్లీవ్ అయినవాళ్లకి కూరే భోజనం, అన్నం నంజుడు. చారు కావాలంటే అరగ్లాసు విడిగా, భోజనానికి అరగంట ముందు తాగొచ్చు. కంచంలో పోసుకుని కలపకూడదు. నీళ్లు కూడా తిన్న అరగంట దాకా వద్దు. మొత్తం 180, 200 గ్రాములు దాటకుండా, ఇరవై నిమిషాలు పట్టేలా తినాలి. స్టీలు గరిటె కంటే వంటింటి డిజిటల్ త్రాసు ఒకటి కొనడం మేలు. ఒక నెల తూస్తే కంటికి కొలత అలవాటవుతుంది, ఆ తరవాత దాన్ని అటక మీద పెట్టేయొచ్చు.

మాంసకృత్తులు రోజుకి 60 నుంచి 80 గ్రాములు. మన సరుకుతో ఇలా వస్తాయి:

ఉదయం: 40 గ్రాముల పెసలతో ఒక పెసరట్టు (దాదాపు 9 గ్రా.), ఒక గుడ్డు (6). లోపల ఉప్మా వద్దు. అట్టు బలం, ఉప్మా బరువు.
మధ్యాహ్నం: శుభ్రం చేసిన రొయ్యలు గానీ కొరమీను గానీ, పచ్చివి తూస్తే 100 గ్రాములు (18 పైన), బీరకాయో దొండకాయో కూర, ఆ గరిటెడు అన్నం.
సాయంత్రం: ఉడికించిన సెనగలు, పొడిగా తూస్తే 30 గ్రాములు (6), గట్టి పెరుగు 100 గ్రాములు (3).
రాత్రి: 30 గ్రాముల కందిపప్పుతో ముద్దపప్పు (6, 7), రెండు గుడ్లు గానీ 60 గ్రాముల పనీరు గానీ (11, 12), ఆకుకూర.

కూరల్లో, అన్నంలో ఉన్నది కూడా కలుపుకుంటే ఇది 65 దగ్గర తేలుతుంది. గుర్తుంచుకోండి, పల్చటి పప్పుచారులో పప్పు పేరుకే ఉంటుంది. "రోజూ పప్పు తింటున్నానండి" అనేవాళ్ల గిన్నెలో ఎన్ని గ్రాముల పప్పు పడుతోందో అడగండి, చాలాసార్లు 10 దాటదు.

కొబ్బరి బొండం గురించి అందరూ అడుగుతారు కాబట్టి: ఒక బొండంలో 50, 60 కేలరీలు. ఎండాకాలం ఒకటి తాగితే ఇబ్బంది లేదు. చెట్లు దొడ్లో ఉన్నాయి కదా అని మూడు తాగి, మూడింటి లేత కొబ్బరీ తింటేనే లెక్క తప్పుతుంది.

మందులచీటీ (రాజమండ్రి)

తిండి సంగతి పైన బాగా చెప్పారు. వైద్యం వైపు నాలుగు మాటలు.

ముందు భయం తీరుద్దాం. ఆపరేషన్ అయిన ఏడాది, రెండేళ్లకి అట్టడుగు బరువు రావడం, ఆపైన కొంత పెరగడం మామూలే. స్వీడన్‌లో బరువు తగ్గే ఆపరేషన్ అయినవాళ్లని ఏళ్ల తరబడి గమనించిన ఎస్‌ఓఎస్ అధ్యయనంలో గ్యాస్ట్రిక్ బైపాస్ (కడుపుని చిన్న సంచిగా చేసి నేరుగా పేగుకి అతికే ఆపరేషన్) వాళ్లకి పదేళ్లకి సగటున 25 శాతం తగ్గుదల నిలిచింది (అందులో స్లీవ్ లేదు, అయినా తీరు అర్థమవుతుంది). మీ వదినగారు 112 మీద ఇప్పటికీ 30 శాతం తగ్గే ఉన్నారు. కాబట్టి ఆపరేషన్ పాడైందన్న మాట చెల్లదు. అలాగని వదిలేయకూడదు కూడా. అట్టడుగు బరువు మీద 10 శాతం దాటితే కారణం వెతకాలన్నది వాడుకలో ఉన్న లెక్కల్లో ఒకటి. 70 మీద 10 శాతం అంటే 77. ఆవిడ ఆ గీత దాటారు.

కడుపు సాగిందా లేదా అనేది ఊహించి చెప్పేది కాదు. ఎండోస్కోపీ, మందు తాగించి తీసే ఎక్స్‌రే, ఈ రెంటితో చూస్తారు. ఎండోస్కోపీకి ఇంకో లాభం ఉంది. స్లీవ్ తరవాత పుల్లటి తేన్పులు, గుండెల్లో మంట కొందరికి ముదురుతాయి, అన్నవాహిక దెబ్బతింటుంది. మంట తెలియకపోయినా కొన్నేళ్లకోసారి లోపల చూసుకోవడం మంచిది. గొట్టం కొద్దిగా వెడల్పయినట్టు కనపడినా వెంటనే రెండో ఆపరేషన్‌కి పరిగెత్తకూడదు. కాలం గడిచేకొద్దీ కొంత వెడల్పు కావడం సహజం. రెండో ఆపరేషన్‌లో మొదటిదానికంటే చిక్కులు ఎక్కువ. విపరీతమైన రిఫ్లక్స్ (కడుపులో ఆమ్లం పైకి తన్నడం) ఉంటే స్లీవ్‌ని బైపాస్‌గా మార్చడానికి అర్థం ఉంది. చారన్నం వల్ల పెరిగిన ఎనిమిది కిలోల కోసం మారిస్తే, బైపాస్ అయ్యాక కూడా చారన్నం అలాగే జారుతుంది.

మందుల చీటీ తిరగేయండి. స్టెరాయిడ్లు (కీళ్లకి, ఉబ్బసానికి, ఒక్కోసారి పేరు తెలియని పొడుల్లో కూడా), ఇన్సులిన్, వాల్ప్రోయేట్, మానసిక సమస్యలకిచ్చే కొన్ని మందులు బరువు పెంచుతాయి. సొంతంగా ఆపకండి, రాసిన డాక్టర్నే మార్పు ఉందేమో అడగండి. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్ వేసుకునే అలవాటుంటే మాన్పించండి. బైపాస్ వాళ్లకి అది అతుకు దగ్గర పుండు తెప్పిస్తుంది, స్లీవ్ వాళ్లకీ మంచిది కాదు. పారాసెటమాల్ నయం.

రక్తపరీక్షలు: సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఇనుము నిల్వ), బీ12, విటమిన్ డి, కాల్షియం, పీటీహెచ్ (కాల్షియంని అదుపు చేసే హార్మోను), ఆల్బుమిన్ (రక్తంలో ఒక మాంసకృత్తు), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), కాలేయం, కిడ్నీ. ఇవి ఏడాదికోసారి, జీవితాంతం. రెండేళ్లుగా చేయించలేదంటే ఈ వారమే ఇవ్వండి. తిమ్మిర్లు, నాలుక మంట, మెట్లెక్కితే ఆయాసం ఉన్నాయేమో అడగండి. బీ12, ఇనుము అడుగంటితే ఒంట్లో ఓపిక ఉండదు. ఓపిక లేనివాళ్లకి నడక చెప్పి ఏం లాభం?

పేటకుర్రోడు

ఇంత అవసరమా అండీ. అయిదు రోజుల "పౌచ్ రీసెట్" అని వీడియోలున్నాయి. రెండ్రోజులు ద్రవాలు, తరవాత మెత్తటివి, అయిదోరోజుకి మామూలు తిండి. కడుపు మళ్లీ చిన్నదైపోతుందట.

మందులచీటీ

కాదండి. సాగిన కండరం అయిదు రోజుల ద్రవాలతో కుదించుకుపోదు. త్రాసు మీద తగ్గేది చాలావరకు నీళ్లు, ఆరో రోజు తిరిగొస్తాయి. పైగా ఆవిడ ఇబ్బందే జారుడు తిండి, మందు పేరుతో మళ్లీ అదే ఇస్తామా?

లంకగాలి

అందరికీ ధన్యవాదాలు. ఇంకో మూడు సంగతులు అడిగితే తెలిశాయి. ఒకటి, థైరాయిడ్ మాత్ర, కాల్షియం మాత్ర పొద్దున్నే కాఫీతో కలిపి వేసేసుకుంటున్నారు. రెండు, మధ్యాహ్నం బెల్లం ముక్కో కాజానో తిన్నాక రెండు గంటలకి చెమటలు పట్టి, చేతులు వణుకుతాయట. అప్పుడు మళ్లీ తీపి తింటే సర్దుకుంటుందట. మూడు, కార్తీక సోమవారాలు నక్షత్రం చూసేదాకా ఉపవాసం, నెలంతా నీచు ముట్టరు. ఆ తరవాత సంక్రాంతి ఎలాగూ ఉంది.

మందులచీటీ

మొదటి రెండూ పెద్ద సంగతులే. మంచిపని చేశారు అడిగి.

థైరాయిడ్ మాత్రని కాల్షియం, ఇనుము రెండూ పట్టేసుకుంటాయి, ఒంటికి అందనివ్వవు. నాలుగు గంటల ఎడం ఉండాలి. టీఎస్‌హెచ్ పెరిగి ఉంటే ముందు ఈ వేళలు సరిచేసి, ఆరు నుంచి ఎనిమిది వారాల తరవాత మళ్లీ చూపించాలి. మోతాదు పెంచాలో లేదో డాక్టరు అప్పుడు తేలుస్తారు. వేళలు ఇలా పెట్టుకోవచ్చు:

ఉదయం 6: థైరాయిడ్ మాత్ర, ఉత్త నీళ్లతో. కాఫీ గంట ఆగి.
10.30: కాల్షియం.
మధ్యాహ్నం భోజనమయ్యాక 1.30: ఇనుము, మల్టీవిటమిన్. ఆ గంటలో టీ, కాఫీ, పెరుగు వద్దు. నిమ్మకాయ పిండిన కూరయితే ఇనుము బాగా పడుతుంది.
సాయంత్రం 6: కాల్షియం. అవసరమైతే రాత్రి 9.30కి ఇంకోటి.

కాల్షియం, ఇనుముకి మధ్య రెండు గంటలు తగ్గకూడదు. కాల్షియం సిట్రేట్ అడగండి. కడుపులో ఆమ్లం తగ్గినవాళ్లకి కార్బొనేట్ సరిగ్గా పట్టదు. రోజుకి 1,200 నుంచి 1,500 మి.గ్రా. కావాలి, ఒక్కోసారికి 500, 600 మించితే పేగు తీసుకోదు. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. పెట్టె మీద "కాల్షియం సిట్రేట్ 1000 మి.గ్రా." అని ఉంటే అందులో అసలు కాల్షియం 210 మాత్రమే. "ఎలిమెంటల్" అని చిన్న అక్షరాల్లో రాసిన అంకె చూడాలి. బీ12 రోజుకి 350 నుంచి 1,000 మైక్రోగ్రాములు, లేదా నెలకో 1,000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్. నెలసరి వస్తున్న ఆడవాళ్లకి ఇనుము 45 నుంచి 60 మి.గ్రా. విటమిన్ డి పరీక్ష చూశాకే. అరవై వేల యూనిట్ల గుళికలు వారానికొకటి చొప్పున ఏళ్ల తరబడి మింగేవాళ్లున్నారు, అది కూడా ప్రమాదమే.

చెమటలు, వణుకు సంగతి. తీపి ఒక్కసారిగా పేగులోకి దూకితే ఇన్సులిన్ అవసరానికి మించి వస్తుంది, ఒకటి నుంచి మూడు గంటల్లో షుగరు పడిపోతుంది. లేట్ డంపింగ్ అంటారు. బైపాస్ వాళ్లలో ఎక్కువ, స్లీవ్ వాళ్లకీ వస్తుంది. తీపి తిని సర్దుకుంటే గంటన్నరకి మళ్లీ అదే కథ, ఈ చక్రంలో బరువు పెరుగుతుంది. ఆ సమయానికి గ్లూకోమీటర్‌తో చూసి రాసుకోండి. 70 లోపుంటే మూడు చెంచాల గ్లూకోజు పొడి నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంటకి మళ్లీ చూసి, తేరుకున్నాక గుడ్డో పనీరో గుప్పెడు సెనగలో తినిపించాలి. అది అప్పటికప్పుడు చేసే పని. అసలు మందు, ఒట్టి తీపి ఖాళీ కడుపున తినకపోవడం. స్పృహ తప్పినా, తికమకగా మాట్లాడినా ఆసుపత్రికే.

ఇంకోటి, అడగకపోయినా చెప్తున్నాను. ఈ ఆపరేషన్ అయినవాళ్లకి వాంతులు రోజుల తరబడి ఆగకపోతే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజు సీసా ఎక్కించేస్తారు. థయమిన్ (బీ1) అడుగంటి ఉన్నప్పుడు అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినొచ్చు. "బేరియాట్రిక్ (బరువు తగ్గే) ఆపరేషన్ అయింది, ముందు థయమిన్ ఇవ్వండి" అని ఒక చీటీ మీద రాసి ఆవిడ పర్సులో పెట్టండి.

కొలతగిన్నె

కార్తీకం. నీచు లేని నెలలో బరువు పెరగడానికి కారణం ఆ లోటుని అన్నంతో పూడ్చడం. చేప స్థానంలో పెట్టాల్సినవి: మీల్‌మేకర్ పొడివి 25 గ్రాములు (12, 13 గ్రా. మాంసకృత్తులు), పనీరు 60, పెసరట్టు, ముద్దపప్పు, గుడ్డలో కట్టి నీరు తీసిన పెరుగు. అప్పటికీ 60 అందకపోతే పాలపిండి లాంటి వే ప్రోటీన్ ఒక కొలత, పంచదార లేనిది, మజ్జిగలోనో నీళ్లలోనో. మీల్‌మేకర్ వేడినీళ్లలో నానబెట్టి గట్టిగా పిండి, మెత్తగా వండాలి. లేకపోతే సరిగ్గా నలగక గొంతుకి అడ్డం పడుతుంది.

సోమవారం ఉపవాసంలో అసలు చిక్కు నీళ్లది. పొద్దుట్నుంచి నీళ్లు కూడా లేకుండా ఉండి రాత్రి పూట ఒక్కసారే తాగి భర్తీ చేయడం ఆ చిన్న గొట్టంతో కుదరదు. రోజుకి లీటరున్నర, గుక్కగుక్కగా. పాలు, మజ్జిగ, పళ్లతో ఉండే పద్ధతి చాలా ఇళ్లలో ఉన్నదే, అది పట్టుకోమనండి. షుగరు పడిపోతోంది కాబట్టి నిరాహారం ఆవిడకి అసలు పనికిరాదు. నక్షత్రం చూశాక మొదట పప్పు, పనీరు. పులిహోర చివర.

నాగులచవితి చిమ్మిలి, చలిమిడి, సంక్రాంతి అరిసెలు, సున్నుండలు. ప్రసాదమంత తినడం వేరు, డబ్బాలో ఉన్నాయి కదా అని వస్తూపోతూ నోట్లో వేసుకోవడం వేరు. సున్నుండ "ఆడవాళ్లకి బలం" అని పెడతారు, మినుముల బలం నిజమే గానీ దాని వెంట బెల్లం, నెయ్యి ఎంతుందో చూడండి. పండగ నాలుగు రోజులకి సూత్రం: భోజనం చివర ఒకే పిండివంట, సగం, కూర్చుని. వణుకు వచ్చే మనిషి కాబట్టి విడిగా మాత్రం ఎప్పుడూ వద్దు. చుట్టాలు కొసరి కొసరి వడ్డిస్తారు, అది మన వైపు మర్యాద. కంచంలో ముందే ఏదో ఒకటి ఉంచుకుంటే ఆ చెయ్యి కొంచెం ఆగుతుంది. డబ్బాలు అటక మీదకి, సెనగల గిన్నె బల్ల మీదకి.

వరదల కాలంలో పులస వస్తే తినొద్దంటారేమోనని అడగలేదేమో. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు, నేనెందుకు కాదంటాను! కొవ్వు చేపే, అయినా ముళ్లు ఏరుకుంటూ నిదానంగా తినక తప్పదు, స్లీవ్‌కి అంతకంటే ఏం కావాలి. ఆ పులుసు కింద కలుపుకునే అన్నం దగ్గరే చూసుకోవాలి.

గట్టునడక (భీమవరం)

నడక గురించి ఎవరూ రాయలేదు కాబట్టి క్లుప్తంగా. వేగంగా తగ్గినప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, కండ పోతే కూర్చున్నప్పుడు ఖర్చయ్యే కేలరీలూ తగ్గుతాయి. అందుకని ఒట్టి నడక చాలదు. వారానికి మూడు రోజులు బలం కసరత్తు: కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం 10 సార్లు, గోడకి చేతులు ఆనించి తోయడం 10, రబ్బరు బ్యాండు గుమ్మానికి కట్టి లాగడం 12, మడమలెత్తి దించడం 15. మూడు దఫాలు, అరగంట పని. సులువనిపించిన వారం అంకెలు పెంచకుండా బ్యాండు మందం పెంచాలి.

నడక వారానికి 200 నుంచి 300 నిమిషాలు. మన నేల బల్లపరుపు, కాలువ గట్టు మీద ఎంత దూరం నడిచినా ఎత్తుపల్లాలుండవు. కాబట్టి దూరం కాదు, వేగం చూడాలి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. మేలో తెల్లారి అయిదున్నరకే. వానాకాలం గట్లు జారతాయి, పాములు కూడా. ఇంట్లోనో, కల్యాణమండపం వరండాలోనో.

లంకగాలి

ఈమధ్య వచ్చిన బరువు తగ్గించే ఇంజెక్షన్లు వాడొచ్చా? ఊళ్లో ఒకరు వాడుతున్నారు.

మందులచీటీ

మౌంజారో (టిర్జెపటైడ్) 2025 మార్చిలో, వెగోవీ (సెమాగ్లుటైడ్) అదే ఏడు జూన్‌లో మన దేశంలోకి వచ్చాయి. ఆపరేషన్ తరవాత బరువు తిరిగొచ్చినవాళ్లకి కూడా డాక్టర్లు రాస్తున్నారు, పనిచేస్తున్నాయి. కానీ ఆకలి ఇంకా చచ్చిపోతుంది, ఇప్పుడే 65 గ్రాముల మాంసకృత్తులు అందని మనిషికి ఇంకా అందవు. వాంతులు, మలబద్ధకం వస్తాయి. ఆపేస్తే బరువు చాలామందికి తిరిగొస్తుంది. ఖర్చు నెలనెలా ఉండేదే. పైన చెప్పిన వేళలూ తిండీ మూడు నెలలు నడిపి, టీఎస్‌హెచ్ సరిపడ్డాక కూడా త్రాసు కదలకపోతే అప్పుడు అడగండి. ఎవరి చీటీయో చూసి మాత్రం కొనొద్దు.

సర్జన్ దగ్గరకి వెళ్లేటప్పుడు పట్టుకెళ్లాల్సినవి: ఆపరేషన్ డిశ్చార్జి కాగితం, పాతవీ కొత్తవీ రక్తపరీక్షలు, వాడే మందుల పెట్టెలన్నీ, వారం రోజులు తిన్నది వేళతో సహా రాసిన కాగితం, వణుకు వచ్చినప్పటి షుగరు అంకెలు. బరువు వారానికొక్కసారి, ఒకే రోజు, పరగడుపున చూసి రాయండి. రోజూ చూస్తే ఉప్పుకీ, నెలసరికీ అటూఇటూ ఊగే కిలో చూసి బెంగపడతారు.